పడవ అడుగు ఎంత నునుపుగా ఉంటే చాలు? పాత ఫైబర్ డింగీని రేసుకి సిద్ధం చేసే పద్ధతి

ఈ ఎపిసోడ్‌లో రేసు పడవ అడుగు గురించి మాట్లాడుకుందాం. అడుగు గీకి, లప్పం పట్టి, నునుపు చేస్తే పడవ నిజంగా వేగంగా వెళ్తుందా? వెళ్తే ఎంత? ఎక్కడిదాకా నునుపు చేయాలి, ఎక్కడ ఆపెయ్యాలి? ఈ మూడు ప్రశ్నలకి జవాబు చెప్తాను. తర్వాత పని ఎలా చేయాలో వరసగా చూపిస్తాను.

ఇది ఇప్పుడు ఎందుకంటే, ఏటా జూలైలో హుస్సేన్ సాగర్ మీద రేసులు జోరందుకుంటాయి. వానాకాలపు గాలి వస్తుంది, దేశం నలుమూలల నుంచీ సెయిలర్లు వస్తారు. దానికి రెండు నెలల ముందు నుంచీ పిల్లల తల్లిదండ్రులు అడగడం మొదలుపెడతారు. "ఫలానా పాలిష్ సీసా వేలల్లో ఉందటండీ, అది పూస్తే పడవ దూసుకుపోతుందటగా, కొనమంటారా?" అని. కొందరైతే అప్పు చేసి మరీ కొంటారు. వాళ్ల పిల్లలు నడిపేదేమో పదిహేనేళ్లనాటి క్లబ్బు పడవ. అందుకే ముందే చెప్పేస్తున్నా: నీళ్లకి మెరుపు కనపడదు, గరుకు మాత్రమే తెలుస్తుంది. గరుకు తియ్యడానికి కావలసింది వాటర్ పేపరు, ఒక పొడవాటి చెక్క, ఓపిక. ఖరీదైన సీసా కాదు.

ఎందుకో చూద్దాం.

నీళ్లు పడవని ఎలా పట్టుకుంటాయి

పడవ కదులుతున్నప్పుడు దాని అడుగుకి సరిగ్గా ఆనుకుని ఉన్న నీళ్లు పడవతో పాటే కదులుతాయి. వాటి పక్క నీళ్లు కొంచెం తక్కువ వేగంతో, ఆ పక్కవి ఇంకా తక్కువ వేగంతో వస్తాయి. అలా కొంత దూరం పోయాక నీళ్లు నిలకడగా ఉంటాయి. పడవ ఈడ్చుకెళ్లే ఈ నీటి పొరనే బౌండరీ లేయర్ అంటారు. ఎంత ఎక్కువ నీటిని ఈడిస్తే అంత భారం. దీన్నే చర్మ ఘర్షణ అనుకుందాం, స్కిన్ ఫ్రిక్షన్.

ముక్కు దగ్గర ఈ పొర చాలా పల్చగా, పొరలు పొరలుగా, సాఫీగా జారుతుంది. కొంచెం వెనక్కి వెళ్లేసరికి కలగాపులగం అవుతుంది, సుడులు తిరుగుతుంది. మన డింగీ మెల్లగా, 3 నాట్ల వేగంతో వెళ్తోందనుకోండి, అంటే సెకనుకి సుమారు ఒకటిన్నర మీటరు. అప్పుడు సాఫీగా జారే భాగం ముక్కు నుంచి ఒక అడుగు, మహా అయితే రెండడుగులు. మిగతా పడవంతా కలగాపులగం నీళ్లలోనే వెళ్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, పని చేసేటప్పుడు మళ్లీ అక్కరకొస్తుంది.

పడవకి ఇంకో అడ్డంకి కూడా ఉంది, అలలు. పడవ వేగం పెరిగేకొద్దీ ముందూ వెనకా అలలు లేపుతుంది, ఆ అలలు లేపడానికి శక్తి ఖర్చవుతుంది. గాలి బాగా ఉన్నప్పుడు ఈ అలల ఖర్చే పెద్దది. గాలి తక్కువగా ఉండి పడవ మెల్లగా వెళ్తున్నప్పుడు మాత్రం అడ్డంకిలో పెద్ద భాగం చర్మ ఘర్షణే. హుస్సేన్ సాగర్ లాంటి ఊరి మధ్య చెరువులో గాలి పడుతూ లేస్తూ ఉంటుంది, చుట్టూ బిల్డింగులు. కాబట్టి మన దగ్గర అడుగు నునుపుకి విలువ ఉంది.

దీన్ని కొలిచి చూపించినాయన విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1870లలో టార్క్వే అనే ఊళ్లో పొడవాటి నీటి తొట్టి కట్టించి, అందులో చెక్క పలకల్ని లాగి, లాగడానికి ఎంత బలం పడుతోందో కొలిచాడు. కొన్ని పలకలకి వార్నిష్, కొన్నిటికి తగరపు రేకు, కొన్నిటికి ముతక గుడ్డ, కొన్నిటికి ఇసుక. 50 అడుగుల పలక మీద వార్నిష్‌కీ తగరపు రేకుకీ పెద్ద తేడా రాలేదు. గుడ్డ అంటించిన పలకకి, ఇసుక పూసిన పలకకి మాత్రం బలం దాదాపు రెట్టింపు పట్టింది. అంటే ఏమిటి? పైన పూసింది వార్నిషా, రేకా అన్నది నీళ్లకి అంత ముఖ్యం కాదు. గరుకా, నునుపా అన్నదే ముఖ్యం. నూట యాభై ఏళ్ల కిందటి మాట ఇది, ఇప్పటికీ నిజమే.

ఎంత నునుపు అయితే చాలు

ఇప్పుడు అసలు లెక్క. కలగాపులగంగా ఉన్న నీటి పొరలో కూడా, పడవ చర్మానికి ఆనుకుని అతి పల్చటి ఒక సాఫీ పొర ఉంటుంది. గరుకు తాలూకు గుట్టలు ఆ పల్చటి పొరలో మునిగిపోయేంత చిన్నవైతే, నీళ్లకి అవి లేనట్టే. పొరలోంచి పైకి తల ఎత్తితేనే అడ్డం పడతాయి. కాబట్టి ఒక హద్దు ఉందన్నమాట. ఆ హద్దు దిగువకి వచ్చాక ఇంకా ఎంత రుద్దినా లాభం లేదు.

ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. నీటి చిక్కదనాన్ని పడవ వేగంతో భాగించి, వందతో గుణిస్తే ఆ హద్దు వస్తుంది. మన వాతావరణంలో నీళ్లకి ఆ లెక్క వేస్తే ఇలా వస్తుంది: 3 నాట్ల వేగానికి సుమారు 60 మైక్రాన్లు. 6 నాట్లకి సుమారు 30 మైక్రాన్లు. 10 నాట్లకి 18 మైక్రాన్ల దగ్గర. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం అటూ ఇటూగా 70 మైక్రాన్లు అనుకోండి.

ఇప్పుడు వాటర్ పేపరు సంగతి చూద్దాం. 400 నంబరు పేపరులో రేణువు సైజు సుమారు 35 మైక్రాన్లు. 600 నంబరులో సుమారు 26. పేపరు వేసే గీత లోతు ఎప్పుడూ రేణువు సైజు కన్నా తక్కువే ఉంటుంది. అంటే 600 నంబరుతో నీళ్లు పోస్తూ జాగ్రత్తగా రుద్దిన అడుగు, డింగీ వెళ్లే వేగాలకి హద్దు లోపలే ఉన్నట్టు. అది చూడ్డానికి మాసినట్టుగా, మెరుపు లేకుండా ఉంటుంది. కానీ నీళ్లకి అది అద్దమే. ఆపైన 1000, 1500, 2000, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, తర్వాత మెరుగు, ఇవన్నీ మన కంటికి, పాకుడు తేలిగ్గా తుడవడానికి. వేగానికి కాదు.

మరి కొత్త పడవలు అద్దంలా ఎందుకు వస్తాయి అంటే, అచ్చు అద్దంలా ఉంటుంది కాబట్టి. ఉన్న మెరుపుని చెడగొట్టుకోనక్కర్లేదు. మంచి స్థితిలో ఉన్న జెల్ కోట్ మీద "600తో రుద్దితే స్పీడు వస్తుందట" అని పేపరు పెట్టకండి. గీతలు, పెచ్చులు ఉన్న పడవకే ఈ వైద్యం.

నునుపు వేరు, సాపు వేరు

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. నునుపు అంటే చేత్తో తడిమితే గరుకు తగలకపోవడం. సాపు అంటే ఎత్తుపల్లాలు లేకుండా, వంపు ఒకే తీరుగా సాగిపోవడం. గోడకి లప్పం పట్టే మేస్త్రీని అడగండి, ఆయనకి తేడా తెలుసు. గోడ నున్నగా ఉంటుంది, కానీ పక్క నుంచి లైటు వేస్తే గుంటలు కనపడతాయి. పడవకీ అంతే.

వరసగా చెప్పాలంటే వేగానికి ముందు సాపు, తర్వాత నునుపు, ఆఖర్న మెరుపు. చాలామంది తల్లకిందులుగా చేస్తారు. ముక్కు దగ్గర పాత లప్పం గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. అది అలాగే వదిలేసి, దాని మీదే అద్దంలా పాలిష్ కొడతారు. ఒక మిల్లీమీటరు అంటే వెయ్యి మైక్రాన్లు. అదీ ముక్కు దగ్గర, నీళ్లు సాఫీగా జారాల్సిన ఆ ఒకటి రెండు అడుగుల్లో. పాలిష్ ఏం చేయగలదు చెప్పండి?

పేపరు పట్టే ముందు రూల్ బుక్ పట్టండి

ఇది చాలా ముఖ్యం. ప్రతి తరగతి పడవకి దాని క్లాస్ రూల్స్ ఉంటాయి. లేజర్, ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నాం కదా, ఆ పడవల్లో అందరివీ ఒకేలా ఉండాలన్నది మూల సూత్రం. కడుక్కోవచ్చు, పాలిష్ చేసుకోవచ్చు, దెబ్బ తగిలితే రిపేరు చేసుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీ ఫినిష్ కన్నా మెరుగ్గా చేద్దామనో, బరువు తగ్గిద్దామనో అడుగంతా గీకడం కుదరదు. ఆప్టిమిస్ట్ లాంటి పిల్లల పడవల రూల్స్ కూడా గట్టివే, ముందు చదివి తీరాలి.

పిల్లాడు ఏడాది కష్టపడి రేసుకి వెళ్తే, అక్కడ కొలతలు చూసే అధికారి ఒప్పుకోకపోతే ఆ కష్టమంతా పోతుంది. కాబట్టి మీ క్లాస్ రూల్స్ తెచ్చుకోండి, క్లబ్బులో కొలతలు తెలిసినవాళ్లని అడగండి, తర్వాతే మొదలుపెట్టండి. నేను ఈ రోజు చూపిస్తున్నది ఎంటర్‌ప్రైజ్ అనే డింగీ. 4 మీటర్ల పైచిలుకు పొడవు, ఇద్దరు నడిపేది. దీనిక్కూడా కొలతల హద్దులున్నాయి, మనం ఆకారం జోలికి పోవట్లేదు. ఉన్న ఆకారాన్ని దెబ్బల నుంచి తిరిగి తెస్తున్నాం, అంతే.

మొదటి పని: కడగడం, ఆరబెట్టడం, వెతకడం

పడవని బోర్లా తిప్పి, నడుం ఎత్తులో స్టాండ్ల మీద పెట్టండి. స్టాండ్ల మీద పాత పరుపు ముక్కలో, కార్పెట్టో వెయ్యండి. సబ్బు నీళ్లతో కడగండి. పాత మైనం, పాలిష్ ఏమైనా ఉంటే థిన్నర్ ముంచిన గుడ్డతో తుడవండి, ఒక గుడ్డతో పూసి, వేరే పొడి గుడ్డతో తీసెయ్యాలి. మైనం పోకుండా పేపరు పడితే అది గీతల్లోకి దిగుతుంది, తర్వాత పూసే జెల్ కోట్ అంటుకోదు.

తర్వాత పడవని తూకం వెయ్యండి. నవ్వకండి, ఇది నిజంగా పెద్ద విషయం. పాత ఫైబర్ పడవలు సన్నటి చీలికల్లోంచి నీళ్లు తాగుతాయి. పది కిలోల నీళ్లు లోపల పెట్టుకుని, బయట మైక్రాన్ల లెక్క వేసుకుంటే ఏం లాభం? డ్రెయిన్ మూతలు, తనిఖీ మూతలు అన్నీ తీసి, నీడలో గాలి ఆడేలా కొన్ని వారాలు వదిలెయ్యండి. ఎండాకాలంలో చేస్తే ఈ పని తొందరగా అవుతుంది. వానల్లో మొదలుపెట్టకండి.

ఆరాక చీకటి పడ్డాక టార్చిలైటు తీసుకుని, అడుగుకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు వేయండి. పగలు కనపడని గుంటలన్నీ నీడలుగా కనపడతాయి. ప్రతి దానికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టకటకా అంటుంది, లోపల పొర విడిపోయినచోట బొద్దుగా పలుకుతుంది. అలాంటి చోట పైపైన లప్పం పనికిరాదు, ముందు ఫైబర్ రిపేరు చేయాలి. చుక్క చుట్టూ కిరణాల్లా సన్నటి చీలికలుంటే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం.

గుంటలు పూడ్చడం

దీనికి జెల్ కోటే వాడండి. కార్ల షెడ్లలో వాడే బాడీ లప్పం చవక, తొందరగా ఆరుతుంది, నిజమే. కానీ అందులో ఉండే టాల్క్ పొడి నీళ్లు పీలుస్తుంది. కారు మీద వాన పడి పోతుంది, పడవ నీళ్లలోనే ఉంటుంది. కొన్నాళ్లకి ఉబ్బి పెచ్చులా లేస్తుంది.

చీలికని అలాగే వదిలి పైన పూస్తే లోపలికి దిగదు. సన్నటి పనిముట్టుతో ఇంగ్లీషు అక్షరం వి ఆకారంలో కొంచెం విప్పి, దుమ్ము తుడిచి, అప్పుడు నింపాలి. కొద్దిగా పైకి ఉబ్బేలా నింపండి, ఎందుకంటే ఆరాక కుంచించుకుపోతుంది. జెల్ కోట్ గాలి తగిలితే పైన జిగురుగానే ఉండిపోతుంది. అందుకని పూసిన మీద పల్చటి ప్లాస్టిక్ షీటు బిగుతుగా అంటించాలి. గట్టిపడ్డాక తీసెయ్యండి.

ఒక హెచ్చరిక. మన దగ్గర రెసిన్ షాపుల్లో యాక్సిలరేటర్, హార్డెనర్ వేర్వేరు సీసాల్లో ఇస్తారు. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని, ఎంఈకేపీ హార్డెనర్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యకండి. మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. ముందు యాక్సిలరేటర్‌ని రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ కలపాలి. హార్డెనర్ మామూలుగా ఒకటి నుంచి రెండు శాతం, డబ్బా మీద ఏం రాసుందో అదే పాటించండి. అది కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ సీసా మూత తియ్యకండి. పిల్లలతో ఈ పని చేయించకండి. మే నెల ఎండలో చకచకా గడ్డకడుతుంది కాబట్టి పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

పొడవు చెక్కతో సాపు చేయడం

ఇప్పుడు అసలు పని. చిన్న చెక్కముక్కకి పేపరు చుట్టి రుద్దితే, అది గుంటలోకి దిగి గుంటనే నునుపు చేస్తుంది, సాపు చేయదు. చేత్తో పేపరు పట్టుకుని రుద్దితే ఇంకా ఘోరం, వేళ్ల కింద కాలవలు పడతాయి. కాబట్టి పొడవు చెక్క కావాలి. సుమారు రెండడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, పల్చటి ప్లైవుడ్. పడవ వంపుకి తగ్గట్టు కొంచెం వంగాలి, కానీ గుంటలోకి దిగకూడదు. రెండు చివర్లా పిడులు, కింద పేపరు అంటించుకోవాలి. మీ ఊళ్లో వడ్రంగి గంటలో చేసిస్తాడు.

పడవ మీద వేరే రంగు స్ప్రే డబ్బాతో మంచులా, చాలా పల్చగా చల్లండి. ఇప్పుడు పొడవు చెక్కతో ముక్కు నుంచి వెనక్కి ఏటవాలుగా ఒకసారి, దానికి అడ్డంగా ఏటవాలుగా ఇంకోసారి రుద్దండి. ఎత్తులు ముందు అరుగుతాయి, అక్కడ రంగు పోతుంది. రంగు మిగిలినచోట పల్లం. ఆ పల్లాన్ని అందుకోవడానికి చుట్టుపక్కలంతా అరగదీయకూడదు, పల్లాన్నే నింపాలి. మళ్లీ రంగు చల్లాలి, మళ్లీ రుద్దాలి. రెండు మూడు విడతలు పడుతుంది.

ఎందుకు అరగదీయకూడదంటే, జెల్ కోట్ మందం మామూలుగా అర మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది. అదే పడవకి వాన కోటు. అది అరిగిపోయి కింద ఫైబర్ నేత నీడలా కనపడిందంటే ఆపెయ్యండి. ఇంకా ముందుకెళ్తే పడవ నీళ్లు తాగడం మొదలవుతుంది, బరువెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. వేగం కోసం మొదలుపెట్టిన పని పడవనే తినేస్తుంది. ముందే చాలా అరిగిపోయిన పడవైతే రుద్దడం కాదు, కొత్త పూత వెయ్యాల్సి ఉంటుంది. అది వేరే ఎపిసోడ్.

మూలలు, అంచులు తొందరగా అరుగుతాయి, వాటికి టేపు అంటించి ఆఖర్న చేత్తో చెయ్యండి. వెనక చివర, అడుగు ముగిసే అంచు మాత్రం గుండ్రంగా కాకుండా పదునుగా ఉండాలి, క్లాస్ రూల్స్ ఒప్పుకున్నంత వరకూ. నీళ్లు అక్కడ తెగిపోవాలి. అంచు గుండ్రంగా ఉంటే నీళ్లు దాన్ని పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తాయి, పడవని వెనక్కి లాగుతాయి.

నునుపు

సాపు అయ్యాక పేపరు నంబర్లు వరసగా పెంచుకుంటూ వెళ్లండి. గుంటల దగ్గర 220తో మొదలుపెట్టాల్సి రావచ్చు. మిగతా అడుగుకి 400 చాలు, ఆఖర్న 600. బకెట్లో నీళ్లు, రెండు చుక్కల డిష్ వాష్ ద్రవం, పేపరు అరగంట నానబెట్టండి. నీళ్లు ధారగా పోస్తూ రుద్దండి. నంబరు మారినప్పుడల్లా అడుగంతా కడిగి, బకెట్లో నీళ్లు కూడా మార్చండి. పాత పేపరు నుంచి ఊడిన ఒక్క ముతక రేణువు చాలు, కొత్తగా పొడవాటి గీత పడడానికి. ఆఖరి విడత ముక్కు నుంచి వెనక్కి, నీళ్లు వెళ్లే దిశలోనే రుద్దండి.

నీళ్లు వాడడానికి ఇంకో కారణం దుమ్ము. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒళ్లంతా దురద కూడా. పొడిగా రుద్దాల్సి వస్తే మంచి మాస్కు పెట్టుకోండి, జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు.

పరీక్ష ఎలా? పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని తడమండి. వట్టి చేతికి తెలియని గరుకు కూడా కవరు మీద నుంచి తెలుస్తుంది. కళ్లు మూసుకుని తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది.

చుక్కాని, సెంటర్‌బోర్డ్: ముందు వీటి సంగతి చూడండి

మీకు ఒక్క ఆదివారమే టైముందనుకోండి. అడుగు వదిలేసి చుక్కాని, సెంటర్‌బోర్డ్ చెయ్యండి అంటాను. ఎందుకంటే, ముందు చెప్పాను కదా, నీళ్లు మొదటి అడుగు రెండడుగులు సాఫీగా జారతాయని. సెంటర్‌బోర్డ్ వెడల్పే అడుగు, చుక్కాని ఇంకా తక్కువ. అంటే బాగా చేసుకుంటే వాటి మీద చాలా భాగం సాఫీ ప్రవాహం నిలుస్తుంది. ముందు అంచులో ఒక్క పెచ్చు ఉన్నా అక్కడి నుంచి వెనక్కి అంతా కలగాపులగమే. పైగా ఇవి రెక్కల్లాంటివి. పడవ పక్కకి జారిపోకుండా పట్టుకునేది ఇవే. ఇవి సరిగా పని చేయకపోతే గాలికి ఎదురెక్కడం కష్టం.

ముందు అంచు కోడిగుడ్డు మొనలా గుండ్రంగా, రెండు పక్కలా సమానంగా ఉండాలి. అట్టముక్కతో అచ్చు కత్తిరించుకుని, ఒక పక్క పెట్టి, తిప్పి రెండో పక్క పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. వెనక అంచు సన్నగా, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల మందంతో, నలగకుండా ఉండాలి. వేగం అందుకోగానే బోర్డ్ "గుయ్య్" మని పాడుతోందంటే ఆ వెనక అంచులోనే లోపం. అక్కడ సుడులు ఒకదాని తర్వాత ఒకటి విడిపోతూ బోర్డ్‌ని వణికిస్తున్నాయి. అంచుని కొంచెం ఏటవాలుగా కోస్తే చాలాసార్లు ఆగిపోతుంది. ఇక్కడా రూల్స్ చూసుకునే చెయ్యాలి. చెక్క బోర్డ్ అయితే రుద్దాక తప్పకుండా వార్నిషో, ఎపాక్సీయో పూసి తడి దిగకుండా చూడండి. వీటికి మాత్రం 800, 1000 నంబరు దాకా వెళ్లినా అర్థం ఉంది.

మైనం, సొరచేప చర్మం

మైనం పూసిన పడవ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, చూసి "అబ్బా, నీళ్లు అంటుకోవట్లేదు" అనుకుంటాం. నీళ్లలో మునిగాక ముత్యాలుండవు. చర్మానికి ఆనిన నీళ్లు పడవతో పాటే కదులుతాయి, కింద మైనం ఉన్నా లేకపోయినా. మైనం ఎండ నుంచి జెల్ కోట్‌ని కాపాడుతుంది, మురికి తేలిగ్గా వదిలిస్తుంది. దానికోసం పూసుకోండి, మామూలుది చాలు.

మరి సొరచేప చర్మం గరుకుగా ఉంటుంది కదా అంటారు కొందరు. నిజమే. దాన్ని పోలిన, ప్రవాహం దిశలో సాగే అతి సన్నటి గాళ్లున్న ఫిల్ములు ఉన్నాయి, రిబ్లెట్స్ అంటారు. నాసా, 3ఎం కంపెనీ వాటి మీద పని చేశాయి. 1987లో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో అమెరికాస్ కప్ గెలిచిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ పడవకి ఆ ఫిల్ము వేశారు. అయితే ఆ గాళ్లు ఎంత లోతు, ఏ దిశ అన్నది కొలిచి చేసినవి. మన 220 పేపరు గీతలు సొరచేప చర్మం కావు. పైగా, నీటి పొర ప్రవాహాన్ని మార్చే ప్రత్యేక గరుకు ఉపరితలాల్ని, నీళ్లలోకి వదిలే రసాయనాల్ని ఇప్పటి సెయిలింగ్ రేసు నియమాలు సాధారణంగా నిషేధించాయి. ఎవరైనా "రహస్య ద్రవం" అని అమ్మితే ఈ మాట గుర్తుంచుకోండి.

లాభం ఎంత?

మెల్లటి వేగాల్లో అడ్డంకి సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి అడ్డంకి 2 శాతం తగ్గితే వేగం సుమారు 1 శాతం పెరుగుతుంది. 45 నిమిషాల రేసులో 1 శాతం అంటే 27 సెకన్లు. చిన్న మాటేం కాదు, గట్టి పోటీలో ఆ 27 సెకన్లలో నాలుగైదు పడవలు దాటిపోతాయి. కానీ ఒక్క ట్యాక్ సరిగా తిప్పకపోతే పోయేవీ సెకన్లే. స్టార్టులో తప్పుడు చివర నిలబడితే పోయేది అంతకంటే ఎక్కువ. గరుకు పడవని సాపు చేస్తే లాభం ఉంది. నునుపు పడవని అద్దం చేస్తే లాభం లేదు. ఆ డబ్బు, ఆ టైము పిల్లల్ని నీళ్లమీద ఇంకో పది రోజులు ఉంచడానికి ఖర్చు పెట్టండి.

ఆఖరి మాట, రోజూ చేయాల్సింది

ఇంత చేసి పడవని నీళ్లలోనే వదిలేస్తే వారం తిరక్కుండా పాకుడు పడుతుంది. హుస్సేన్ సాగర్ నీళ్ల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, పచ్చగా ఉంటాయి. పాకుడు మెత్తగా ఉంటుంది కదా, ఏం చేస్తుంది అనుకోవద్దు. అమెరికా నేవల్ అకాడమీకి చెందిన మైఖేల్ షుల్ట్జ్ 2007లో యుద్ధనౌకల మీద వేసిన లెక్కలో, పల్చటి పాకుడుకే మామూలు వేగంలో ఇంజను శక్తి సుమారు పది శాతం ఎక్కువ కావాల్సి వచ్చింది. గుల్లలు దట్టంగా పడితే 86 శాతం దాకా. కాకినాడ, విశాఖ రేవుల్లో సముద్రపు నీళ్లలోనే ఉండే పడవల్ని ఎప్పటికప్పుడు పైకి లాగి గుల్లలు గీకేది ఊరికే కాదు, డీజిల్ ఖర్చు అలా పెరుగుతుంది. మన చెరువులో గుల్లల బెడద లేదు, పాకుడు ఉంది.

కాబట్టి సెయిలింగ్ అయ్యాక పడవ బయటికి రావాలి, మంచినీళ్లతో కడగాలి, స్పాంజితో తుడవాలి. ట్రాలీ మీద ఎక్కడ ఆనుతోందో అక్కడ మెత్తటిది వేసి ఉండాలి, లేకపోతే అక్కడే గుంట పడుతుంది. రేసు రోజు పొద్దున్నే అడుగు, చుక్కాని, బోర్డ్ మూడూ ఇంకోసారి తుడిచి, తడిమి చూసుకుని దింపండి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, మొత్తం ఈ ఎపిసోడ్‌లో చెప్పిన వాటన్నిటిలోకీ ఎక్కువ లాభం ఇచ్చేది అదే.

వచ్చే ఎపిసోడ్‌లో జెల్ కోట్ పూర్తిగా అరిగిపోయిన పడవకి కొత్త పూత వేయడం గురించి చూద్దాం. అందులో రంగుల రకాలు, రోలరుతో వేసే పద్ధతి, స్ప్రే ఎందుకు ఇంట్లో చేయకూడదో అన్నీ వివరంగా చెప్తాను.